తమాం అన్న మనిషి

బహ్రెయిన్‌లో బతికేవాడికి సముద్రం కొత్తేం కాదు. దీవి ఎంత గనక? కారెక్కి గంట తిరిగితే ఎక్కడో ఒకచోట నీళ్లు అడ్డం వస్తాయి. రాజనర్సు తొమ్మిదేళ్లుగా ఆ నీళ్లను చూసి చూసి, ఇక చూడటం మానేశాడు కూడా. అలాంటివాడు 2005లో ఒక పొద్దున, మనామాలో ఓ మేడ నాలుగో అంతస్తులో, కంప్యూటర్ తెర మీద సముద్రాన్ని చూసి, ఎనిమిది టీ కప్పుల ట్రే పట్టుకుని నోరెళ్లబెట్టి నిలబడిపోయాడు.

తెర మీద నీళ్లు కదులుతున్నాయి. ఎండ నీళ్లలోకి దిగి, ఆకుపచ్చగా మారి, అడుగున ఇసుక మీద వణుకుతోంది. ఒక చేప వచ్చి, ఇటు తిరిగి, అచ్చంగా రాజనర్సు మొహంలోకే చూసి వెళ్లిపోయింది.

"గిది ఎవలు తీసిండ్రు బిడ్డా? కెమెరా నీళ్లల్లకు ఎట్ల పోయింది?" అని పక్క కుర్చీలో ఉన్న తెలుగమ్మాయిని అడిగాడు.

"తియ్యలేదు బాబాయ్ గారూ, చేసేరు," అంది బ్లెస్సీ. ఓ మూల కూర్చున్న జోర్డాన్ మనిషిని చూపించింది. "ఆ చేప ఆయన చేసిందే. నాలుగు నెలలు పట్టిందంట."

నాలుగు నెలలు! ఒక్క చేపకి! రాజనర్సు ఆ మనిషిని పైనుంచి కిందిదాకా చూశాడు. అందరిలాగే రెండు చేతులు. టీలో మూడు చెంచాల చక్కెర వేసుకునే మామూలు మనిషి. అలాంటివాడు కూర్చున్న చోటునుంచి లేవకుండా చేపను పుట్టించాడు. ఇసుక వేసింది ఫిలిప్పీన్స్ ఆవిడట, నీళ్లు కదిలించింది కేరళ కుర్రాడట. ఆ రోజు ఎనిమిది టీలూ చల్లారిపోయాయి. మళ్లీ పెట్టి తెచ్చాడు.

ఇంతకీ రాజనర్సుది జగిత్యాల దగ్గర ఓ పల్లె. తండ్రితో కలిసి బావులు తవ్విన మనిషి. బోర్లు వచ్చి బావులు తవ్వించేవాళ్లు కరువయ్యాక దుబాయి పోతానని బయల్దేరాడు. ఆ ఊళ్లో గల్ఫ్ మొత్తానికీ దుబాయి అనే పేరు. భార్య చంద్రవ్వ లెక్కలో మొగుడు ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాడు, బహ్రెయిన్ అంటే అందులో ఓ వాడ. దిగిన రోజునే నువైద్రాత్ దగ్గరి కూలీల క్యాంపులో, అప్పటికే పదేళ్లు నలిగిన భీమన్న అతన్ని మంచం మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఇనుర తమ్మీ. కఫీల్ ఏది అడిగినా తమాం అను. తిండి ఎట్లున్నది? తమాం. ఎండ కొడ్తున్నదా? తమాం. మంచిగ లేదని నోట్లకెళ్లి వచ్చిందనుకో, ఖలాస్. పాస్‌పోర్టు చేతిల పెట్టి పంపుతరు."

కఫీల్ అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. తమాం అంటే అంతా బాగుందని. ఆ ఒక్క మాటతో రాజనర్సు తొమ్మిదేళ్లు సిమెంటు మోసి, ఎండల్లో మాడి, నెట్టుకొచ్చాడు. సైటు దగ్గర అతను పెట్టిన టీ ఒకసారి కఫీల్ తాగాడు. అంతే, ఎండలోంచి లేపి ఏసీలోకి తెచ్చాడు. ఈ కొత్త ఆఫీసులో టీ పెట్టడం, కాగితాలు అందించడం డ్యూటీ. ఫోనులో ఈ సంగతి విని చంద్రవ్వ, "నీ మొకానికి ఏసీయా!" అని నవ్వి, వెంటనే ఏడ్చింది.

ఆ కఫీల్ అబూ జాసిం. అరవై దాటిన మనిషి. ఇళ్లు కట్టించి బాగానే గడించాడు గానీ, ఆయన తండ్రి ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగినవాడు. ఆ తండ్రి బతుకును లోకమంతా ఆడుకునే వీడియో గేమ్‌గా చేయించాలని ఆయనకు పట్టుదల పుట్టింది. ఆటకు 'దానా' అని పేరు పెట్టాడు. అక్కడివాళ్లు అన్నిటికన్నా పెద్ద ముత్యాన్ని అలా పిలుస్తారు. విదేశాల్లో గొప్ప ఆటలకు పెట్టినంత ఖర్చూ పెడతానన్నాడు. ఏడు దేశాల మనుషుల్ని తెచ్చాడు. పైన ఓ ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, పెట్టాడు.

అబ్బో, ఆ రెండున్నరేళ్లూ రాజనర్సుకి రోజుకో వింత. నిన్న బూడిదరంగు బొమ్మగా ఉన్న పడవ ఇవాళ తెరచాప విప్పేది. ఒకడు రెండు రోజులు కూర్చుని గాలి చప్పుడు ఒక్కటే చేసేవాడు. నలభై మంది మాటా పలుకూ లేకుండా కూర్చుని ఒక లోకాన్ని అల్లుతుంటే, వాళ్లకు టీ ఇవ్వడం తన అదృష్టమనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, ఇందులో వెటకారం లేదు.

బ్లెస్సీ రాజమండ్రి దగ్గర పిల్ల. శుక్రవారం తెలుగు సంఘంలో పాటలు పాడుతుంది, మిగతా రోజులు ఆట ఆడి తప్పులు పట్టి రాస్తుంది. అదే ఆమె ఉద్యోగం. చేప గాల్లో ఈదుతోంది, నీళ్లలో మునిగే డైవరు రాతిలోంచి దూరిపోతున్నాడు అని పేజీలకు పేజీలు రాసేది. వాళ్లు దిద్దేవాళ్లు. ఒకరోజు రాజనర్సు టీ పెడుతుండగా ముదీర్ ఆమెను పిలిచి, కాగితంలో చివరి రెండు వాక్యాలు కొట్టేశాడు. అరగంట దాటితే విసుగొస్తోంది, మళ్లీ మళ్లీ ఎందుకు మునగాలో తెలియట్లేదు అని ఆమె రాసిందట.

"విసుగు తప్పుల్లోకి రాదు బ్లెస్సీ. తప్పులు మాత్రమే రాయి," అన్నాడు ముదీర్.

ఆమె బయటికొచ్చి టీలు పెట్టే గదిలో నిలబడి కళ్లు తుడుచుకుంది. "ఉన్నమాట రాసేను బాబాయ్ గారూ. అదీ తప్పేనంట."

"పోనీ బిడ్డా. పెద్దోళ్లు చూసుకుంటరు," అన్నాడు రాజనర్సు. అందరూ అనే మాటే అది.

ఆ తర్వాత వారంలో అబూ జాసిం ఆఫీసుకొచ్చి, ఆట ఒక్కసారి కూడా ఆడని మనిషి కావాలని, రాజనర్సుని కుర్చీలో కూర్చోబెట్టి చేతిలో రిమోట్ పెట్టాడు. రాజనర్సు మునిగాడు. ఒళ్లు జలదరించింది. నీళ్లు చెవుల్లో గుయ్యిమన్నాయి. కాళ్లు తడుస్తాయేమోనని కుర్చీ మీదికి లాక్కున్నాడు, అందరూ నవ్వారు. ఆల్చిప్ప ఏరాడు, పైకొచ్చాడు. మళ్లీ మునిగాడు, ఏరాడు, పైకొచ్చాడు. పావుగంటకి నీళ్లు అలవాటయ్యాయి. అరగంటకి చేతులు ఆడుతున్నాయి గానీ మనసు లేచి వెళ్లిపోయింది.

ఎందుకో అతనికి తెలుసు. బావిలోకి దిగేవాడి నడుముకి మోకు కడతారు, ఆ మోకు కొస పైనున్నవాడి చేతిలో ఉంటుంది. పదిహేనో ఏట నుంచి తండ్రి మోకు పట్టుకున్నది రాజనర్సే. కింద చీకట్లో తండ్రి, పైన తను. మోకు కాస్త వదులైతే చాలు గుండె జారిపోయేది. ఈ ఆటలో డైవరు దిగుతాడు, తనంతట తనే పైకొస్తాడు. పడవలో అతని కోసం ఒక్కడూ లేడు.

"ఎలా ఉంది?" అన్నాడు అబూ జాసిం. ఆ ముసలాయన మొహం చూడాలి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా ఉంది. ఎండలోంచి లేపి నీడకు తెచ్చిన మనిషి. కాదని ఎలా అంటాడు?

"తమాం బాబా."

అబూ జాసిం అతన్ని కౌగిలించుకున్నాడు. అందరి ముందూ కౌగిలించుకుని, ముదీర్ వైపు తిరిగి, "చూశావా? ఇతనికే నచ్చిందంటే లోకానికి నచ్చదా?" అని అక్కడికక్కడే విడుదల తేదీ చెప్పేశాడు. డిసెంబర్ పదహారు, నేషనల్ డే. మర్నాటికల్లా పోస్టర్లు లేచాయి.

2007 డిసెంబర్ పదహారున హాలు కిటకిటలాడింది. సముద్రం తెర మీదికి రాగానే మూడొందల మంది ఒక్కసారిగా "యా సలాం!" అన్నారు. రాజనర్సుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నలభై జతల చేతులు చేసిన నీళ్లు, తను టీ ఇచ్చిన చేతులు. ఆ ఒక్క గంటా వాళ్లంతా రాజులే.

వారం తిరిగేసరికి అంతా తారుమారు. కొన్నవాళ్లు తిరిగిచ్చేయడం మొదలెట్టారు. చూడ్డానికి బాగుంటుంది, ఆడ్డానికేం లేదు అన్నారు. ఓ పత్రిక దాన్ని ఖరీదైన చేపల తొట్టి అంది. జల్లాఖ్‌లో బీచ్ ఇంటికి చేరిన అబూ జాసిం మనవలు కూడా ఇరవై నిమిషాలు ఆడి, పక్కన పడేసి ఒడ్డుకి పరిగెత్తారట. అంత పెద్ద సంగతి అంత తేలిగ్గా ఎలా కూలిపోయిందో రాజనర్సుకి అంతుపట్టలేదు. కట్టడం కన్నా ఇదే పెద్ద వింతగా తోచింది.

జనవరిలో అబూ జాసిం అందర్నీ పెద్ద గదిలోకి పిలిచాడు. "ఎవరి తప్పు?" అన్నాడు. అంతే.

నీళ్లు చేసినవాడు కథ రాసినవాణ్ని చూపించాడు. కథ రాసినవాడు టైం లేదన్నాడు. ప్రకటనలవాళ్లు మాకిచ్చింది మేం చెప్పామన్నారు. ఇంకొకరు కొన్నవాళ్లనే తిట్టారు, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని. చివరికి ముదీర్ గొంతు సవరించుకుని, "ఆట ఆడి లోపాలు చెప్పాల్సింది బ్లెస్సీ. ఆమె ఇచ్చిన కాగితాల్లో విసుగన్న మాటే లేదు," అన్నాడు. పక్కనే ఆమె పేరు మీద ఉత్తరం సిద్ధంగా ఉంది. పనిలో నిర్లక్ష్యం, వీసా రద్దు, వారంలో ఇంటికి. నిర్లక్ష్యమని రాసిన ఉత్తరం పట్టుకుని వెళ్తే మళ్లీ ఆ పని ఎవరిస్తారు? బ్లెస్సీ తలెత్తలేదు.

రాజనర్సు గుమ్మంలో ట్రేతో ఉన్నాడు. ఏసీ గదిలో ఒళ్లంతా చెమట పట్టింది. మాట్లాడితే మళ్లీ సైటుకే, లేదా విమానానికే. పదకొండేళ్ల బతుకు కళ్ల ముందు తిరిగింది. నోరు మూసుకోరా అని లోపల భీమన్న గొంతు చెబుతూనే ఉంది. అతను ట్రే కింద పెట్టాడు.

"బాబా, ఆ పిల్ల రాసింది," అన్నాడు, వచ్చిన అరబ్బీలో సగం హిందీ కలిపి. "నా ముంగటనే రాసింది కొట్టేసిండ్రు. తప్పు నాది గూడ ఉన్నది. నువ్వు నన్ను అడిగినవు. నాకు మంచిగ అనిపియ్యలే. తమాం అన్న."

ముదీర్ ఎర్రబడి, "అవును, కొట్టేశాను. మీకు విసుగు అన్న మాట చూపించే ధైర్యం నాకు లేకపోయింది," అన్నాడు.

అబూ జాసిం అతని వైపు చూడనే లేదు. రాజనర్సునే చూస్తున్నాడు. "ఏం బాగోలేదు నీకు?"

"నీళ్లల్లకు దిగెటోన్ని పడవల ఎవలు పట్టుకున్నరు బాబా? మా దిక్కు బావిల దిగితె మీద మనోడు ఒకడు మోకు పట్టుకుంటడు. ఆడు లేకుంటె భయం ఎక్కడిది? భయం లేకుంటె పైకొచ్చిన సంబురం ఎక్కడిది?"

ముసలాయన, బల్ల అవతలివాళ్లకు కూడా సరిగ్గా వినపడనంత చిన్న గొంతుతో, "మా నాన్న తాడు మా మేనమామ పట్టేవాడు. ఒకరోజు ఆలస్యంగా లాగాడు. నాన్న దక్కలేదు. ఆ తర్వాత మామ బతికినంత కాలం మా ఇంట్లో అన్నం తినలేదు," అన్నాడు. "ఆ సంగతి నేను వీళ్లెవరికీ చెప్పలేదు. నా సముద్రాన్ని ఇంతమంది కలిసి చేశారు, నా మేనమామను నేనే దాచుకున్నాను."

తర్వాత ఆయన లేచి నలభై మంది ముందు, తప్పు తనదేనన్నాడు. ఒక కఫీల్! రాజనర్సు పదకొండేళ్లలో అలాంటి మాట ఏ కఫీల్ నోటా వినలేదు. తెర మీద సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా అతను అంతగా బిత్తరపోలేదు. బ్లెస్సీ ఉత్తరాన్ని అబూ జాసిం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, ఫిలిప్పీన్స్ ఆవిడ వచ్చి పట్టుకుంది.

"నువ్వు రేపట్నుంచి టీ పెట్టక్కర్లేదు," అన్నాడు ఆయన రాజనర్సుతో. రాజనర్సు ట్రే అందుకుని వెళ్లబోయాడు. "ఆట మళ్లీ చేస్తున్నాం. పొద్దున్నే నా పక్కన కూర్చుని ఆడు. విసుగొచ్చిన చోట చెయ్యెత్తు."

మర్నాడు పొద్దున కూర్చున్నాడు. ఒక పక్క బ్లెస్సీ, చేతిలో కాగితం. ఇంకో పక్క అబూ జాసిం. అందరూ పని మానేసి చుట్టూ మూగారు. పది నిమిషాలు గడిచాయి. రాజనర్సు చెయ్యెత్తాడు.

ముసలాయన మొహం ఒక్కసారిగా వాడిపోయింది. ఆ సన్నివేశంలో ఆయనే స్వయంగా చెప్పి పెట్టించిన పాట ఉంది. తండ్రి పాడిన పాట. అయ్యో, ఏం పాపం చేశానురా అనుకున్నాడు రాజనర్సు. చెయ్యి బరువెక్కింది. దించేద్దామా అనిపించింది. తమాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బాబాయ్ గారూ, దించకండి," అంది బ్లెస్సీ మెల్లగా.

అతను దించలేదు. అబూ జాసిం కళ్లు తుడుచుకుని, "చెప్పు. ఎందుకు?" అని అడిగేదాకా ఆ చెయ్యి అలా పైనే ఉంది.