మంచు మీద అక్షింతలు

మా ఆయనకి ఆటలంటే ఇష్టం లేదు, పరీక్షలంటే ఇష్టం. ఎక్కడ పోటీ కనిపించినా ఎంతమంది రాస్తున్నారు, ఎన్ని సీట్లున్నాయి అనే చూస్తారు. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో మేము సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. ఓ శనివారం ఆయన ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా అందరినీ ఒక మాల్‌లోని ఐస్ రింకుకి తీసుకెళ్ళి కర్లింగ్ ఆడించారు. నున్నటి బరువైన రాయిని మంచు మీద జారవిడవాలి. అది దూరంగా గీసిన వలయం మధ్యలో ఆగాలి. రాయి ముందు పరుగెడుతూ బ్రష్షుతో మంచుని రుద్దితే ఇంకాస్త దూరం, తిన్నగా పోతుంది. ఆటంతా అంతే.

మర్నాడు ఉప్మా తింటూ ఆయన ప్రకటించారు.

"ఇందులో మిక్స్‌డ్ డబుల్స్ అని ఉందోయ్. ఒక మగ, ఒక ఆడ. ప్రపంచ పోటీకి గట్టి దేశాలు నేరుగా వెళ్ళిపోతాయి. మిగతావాళ్ళు ముందు క్వాలిఫయింగ్ పోటీ ఆడి నెగ్గాలి. దేశానికి ఒక్క జట్టే. నిన్న మనకి నేర్పిన కోచ్‌ని అడిగా, ఇక్కడ ఎన్ని జట్లున్నాయో తెలుసా? ఒక్కటి! మనం చేరితే రెండు. ఏ పరీక్షలో వస్తుంది చెప్పు ఇలాంటి ఛాన్సు?"

"మనం ఈ దేశం వాళ్ళం కాదు కదండీ?"

"వరుసగా రెండేళ్ళు ఉంటే చాలట. మనం నాలుగేళ్ళ నించీ ఇక్కడే అఘోరిస్తున్నాంగా!"

నవ్వాను గానీ, లోపల ఏదో కదిలింది. నేనూ ఇంజనీరింగ్ చదివాను. ఆయన భార్యగా డిపెండెంట్ పాస్ మీద వచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఎవరింటికి వెళ్ళినా "మీ వారిది ఏ కంపెనీ?" అని అడిగేవారు, నా గురించి ఎవరూ అడిగేవారు కాదు. ఆ శనివారం నేను వదిలిన మొదటి రాయి వెళ్ళి వలయం నడిమధ్యలో కూర్చుంది. కోచ్, ముసలి చైనీస్ అంకుల్, నా వైపు తిరిగి "యూ! అగైన్!" అన్నాడు. గుత్తివంకాయ కూర కాకుండా ఇంకేదైనా నన్ను మళ్ళీ చెయ్యమనడం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆ క్వాలిఫయింగ్‌కి వెళ్ళాలని నాకెంత కోరిక పుట్టిందంటే, పైకి చెప్పడానికి సిగ్గేసింది.

ప్రాక్టీసు మొదలెట్టాం. ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలియని మనిషి మంచు మీద బ్రష్షు పట్టుకున్నారు. రాయిదొక దారి, ఆయనదొక దారి. రెండుసార్లు రాయిని తన్నారు, ఒకసారి నన్ను. "థియరీ వచ్చేసిందిలే" అనేవారు.

ఎవరు వెళ్ళాలో తేల్చడానికి కోచ్ రెండు జట్లకీ మ్యాచ్ పెట్టిన రోజు, టాంపినీస్ పేటలో ఉండే తెలుగు ఆంటీ వచ్చింది. అక్కడ మాకు పెద్దదిక్కు ఆవిడే. పట్టుచీర మీద రెండు స్వెట్టర్లు, చేతిలో అక్షింతల గిన్నె. మా ఇద్దరి నెత్తిమీదా గుప్పెడేసి వేసింది. అక్కడితో ఆగిందా? "పాపం కొత్త కాపురంలా ఉంది, పెద్దవాళ్ళెవరూ రాలేదు" అంటూ ఎదుటి జట్టు చైనీస్ అబ్బాయికీ అమ్మాయికీ కూడా వేసి, త్వరగా పండంటి బిడ్డని కనమని దీవించింది. ఆ పిల్ల ఏమీ అర్థం కాక "థాంక్యూ ఆంటీ" అంది.

సమానంగా ఆడుకుంటూ వచ్చాం. చివరి రాయి నాది. వదిలిన క్షణమే నాకు తెలిసిపోయింది, అది సరిగ్గా వెళ్తోందని. ఆయన దాని ముందు వంగి ప్రాణం పెట్టి రుద్దుతున్నారు. అలా తల ఊపుతుంటే, నూనె జుట్టులో ఇరుక్కున్న అక్షింత ఒకటి జారి మంచు మీద పడింది. రాయి దానిమీదికెక్కి, గిర్రున తిరిగి, పక్కకి పోయింది.

ఓడిపోయాం. ఏడుపొచ్చింది. ఆంటీ మీద, ఆయన మీద, ఆయన నూనె మీద ఒళ్ళు మండిపోయింది.

కోచ్ ఆ పసుపు గింజని వేలితో తీసి వెలుగులో చూశాడు. "చికెన్ రైస్?" అన్నాడు. అప్పుడు ఆ చైనీస్ అబ్బాయినీ నన్నూ చూపించి, "యూ, అండ్ యూ. క్వాలిఫయింగ్" అన్నాడు.

"మా ఆవిడా, ఈ అబ్బాయా?" అన్నారు మా ఆయన. "దిస్ ఈజ్ కపుల్ గేమ్, నో?"

"హూ సే? వన్ మ్యాన్, వన్ వుమన్, ఎనఫ్. హస్బెండ్ నో నీడ్ లా!" అన్నాడు కోచ్, అక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

"గుడ్ లా!" అని ఎగిరింది ఆ అమ్మాయి. "ఐ గాట్ ఎగ్జామ్. మై బ్రదర్ ఫోర్స్ మీ ఓన్లీ."

ఆంటీ గిన్నె గుండెలకి హత్తుకుంది. "అన్నాచెల్లెళ్ళా! అయ్యో, నా నోటి వెంట ఎంత మాటొచ్చిందే!" అని లెంపలేసుకుని, వెంటనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పరాయి కుర్రాడితో దేశాలు పట్టుకు తిరుగుతావుటే? వద్దని చెప్పెయ్."

మంచు మీద మొగుడూపెళ్ళాలు కానివాళ్ళు కలిసి ఆడతారని మాలో ఒక్కరికీ తట్టలేదు. మా ఆయన బ్రష్షు పట్టుకుని అలాగే నిలబడ్డారు. తలలో ఇంకా అక్షింతలున్నాయి. ఆ మొహం చూస్తే నాకు జాలేస్తుంది, జాలేస్తే వద్దంటాను. అందుకని చూడలేదు.

ఆంటీ చెయ్యి మెల్లగా విడిపించుకుని కోచ్‌ని అడిగాను, "టుమారో ప్రాక్టీస్, వాట్ టైమ్?"