దొంగకు పెట్టిన ముఖం

ఎనభైలు మొదలైన రోజుల్లో నేను కొత్తవాడలో జంపఖానాలకు డిజైన్లు గీసేదాన్ని. ఇంటికొచ్చాక నా కోసం ఒక బొమ్మల కథ గీసుకున్నాను. నలుగురు దొంగలు హన్మకొండలో బ్యాంకు లాకర్లు కొల్లగొట్టే కథ. బెల్‌బాటం ప్యాంట్లు, వెడల్పు కాలర్లు, అంబాసిడర్ కారు. లావుపాటి నల్లగీతలు, ఎరుపొక్కటే రంగు.

చౌరస్తాలో ప్రెస్సు నడిపే ఆయన మా చర్చి పెద్దల్లో ఒకడు. అచ్చేస్తానంటే పేజీలన్నీ ఆయన చేతికే ఇచ్చాను. నెలల తరబడి తిప్పించుకున్నాడు.

"ఎక్కడ పెట్టిన్నో దొరుకుతలేవు బిడ్డా," అన్నాడు చివరికి. "అయినా ఆడపిల్లవు, నీకు దొంగల కథలెందుకు? ప్రభువు బొమ్మలు గియ్యరాదు?"

దసరా ముందు బస్టాండులో పుస్తకాల కొట్టు దగ్గర నా అంబాసిడర్ కారు దారానికి వేలాడుతూ కనిపించింది. ప్రతి గీతా నాదే. అట్ట మీద పేరు మాత్రం ఆయన బామ్మర్దిది. అక్కడే నిలబడి చివరిదాకా చదివాను. ఏడుపు రాలేదు.

"పోనియ్ బిడ్డా, క్షమించు," అన్నాడు నాయిన.

"నేను క్షమించ."

రెండో భాగం గీశాను. సొమ్ము పంచుకునే చోట ముఠా నాయకుడు ముసుగు తీస్తాడు. దాని కింద ప్రెస్సాయన ముఖం పెట్టాను. చెవి మీంచి లాగి బట్టతల మీద పరిచిన వెంట్రుకలు, ముక్కు పక్కన పులిపిరి. ఎరుపంతా ఆయన పాన్ పళ్లకే పోశాను. ఆ పులిపిరి గీస్తుంటే కలిగిన సంతోషం తర్వాత ఏ బొమ్మా నాకివ్వలేదు.

ఆయనంటే పడని ఇంకో ప్రెస్సు నా పేరుతో అచ్చేసింది. కొద్దిరోజులకే చౌరస్తాలో అందరికీ తెలిసిపోయింది. పాన్ డబ్బా దగ్గర ఆయన్ని ఆపి, "సేటూ, లాకర్ల ఏం దొరికింది?" అని అడగడం మొదలుపెట్టారు.

ఊగిపోతూ మా ఇంటికొచ్చాడు. "నా ఇజ్జత్ తీసినవు కదనే! నా మొఖం ఎట్ల గీస్తవు?"

"నేను దొంగను గీసిన సార్. అది మీ మొఖమని మీరే అంటున్రు."

వాకిట్లో మూగిన జనం పకపకా నవ్వారు.

"మొదటి పుస్తకం ఎవరు గీసిండ్రో గిప్పుడు చెప్పుండ్రి," అన్నాను.

నేల చూస్తూ, "నువ్వే," అన్నాడు.

"జర పెద్దగ."

మళ్లీ చెప్పాడు. ఆ నెల్లోనే మొదటి పుస్తకానికి నా పేరుతో కొత్త అట్ట వేశాడు. అయినా నా కోపం చల్లారలేదు. ఆదివారాలు నాయిన ఆయన పక్కనే కూర్చుని ప్రార్థన చేసేవాడు. నేను వెనక బెంచీకి మారాను.

ప్రెస్సాయన చనిపోయినప్పుడు మా ఇంటిల్లిపాదీ వెళ్లారు. నేను వెళ్లలేదు.