చేలో ఉంది టీచర్

మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఆటో దిగేసరికి ఎవరింట్లోనో ఎండుమిరపకాయలు వేయిస్తున్న ఘాటు ముక్కుకు తగిలింది. పక్కవాళ్లంతా తుమ్ముతుంటే నేను మాత్రం హాయిగా పీలుస్తూ నిలబడిపోయాను. నా అయిదో తరగతి ఆ ఘాటులోనే ఉంది మరి.

మాఘమాసం వచ్చిందంటే మా ఊరు ఊరంతా ఎర్రబడేది. కల్లాల నిండా ఆరబోసిన కాయలు, గొంతు పట్టేసే దుమ్ము, సత్తుగిన్నెలో చద్దన్నం, ఉల్లిపాయ పెట్టుకుని తెల్లారేసరికి అమ్మతో పాటు నేనూ కోతకు. సాయంత్రం చేతుల మంటకు అమ్మ ఆముదం రాసేది. నాలుగో తరగతిలో అలా కోతలకు వెళ్లి నెల తర్వాత బడికొస్తే, అప్పటి మాస్టారు తలెత్తకుండానే "నీ పేరు కొట్టేశానుగా" అన్నారు. మళ్లీ రాసుకున్నారు గానీ, నా ఒంటి ఘాటుకు పక్కవాళ్లు తుమ్మి దూరం జరిగితే నన్నే గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. ఎంత ఉక్రోషమొచ్చిందో చెప్పలేను. ఇంకోసారి ఇలా జరిగితే బడి ముఖం చూడనని అమ్మతో తెగేసి చెప్పాను.

అయిదులో కరుణమ్మ టీచర్ వచ్చారు. ఆ ఏడూ కోతలకు పోయి నెల దాటింది. కోతలవగానే అమ్మ, "ఒక్కసారి ఎళ్లి చూడవే. పొమ్మంటే వచ్చెయ్, నేనేం అనను" అంది. ఉతికిన గౌనుకు కూడా ఘాటు వదల్లేదు. బడి గోడకు ఆనుకుని బయటే నిలబడ్డాను. లోపల హాజరు పిలుస్తున్నారు.

"కోటేశ్వరి" అన్నారు టీచర్.

నేను నోరు తెరిచేలోపే క్లాసు క్లాసంతా, రోజూ అలవాటైన మాటలా, "చేలో ఉంది టీచర్" అని అరిచింది. నేను లేని నెల రోజులూ నా పేరు పిలుస్తూనే ఉన్నారట, నేనెక్కడున్నానో పిల్లల చేతే చెప్పిస్తున్నారట. గుమ్మంలోకి ఒక్క దూకు దూకి, "లేదు టీచర్, వచ్చేశా" అన్నాను, పైన పెంకులు ఎగిరిపోయేలా.

టీచర్ నవ్వి, ముందు వరసలో చోటు చూపించి, "ఈ ఏడు కాయెట్లా ఉందమ్మా? తాలెక్కువా?" అని అడిగారు. రంగు పోయిన తాలుకాయను మంచికాయలోంచి ఎలా ఏరతారో బోర్డు దగ్గర నిలబెట్టి నా చేత పాఠం చెప్పించారు. అందరూ తుమ్మారు, టీచరూ తుమ్మారు. ఎవరూ జరగలేదు.

ఆ పెంకుల బడి పోయింది, రిజిస్టరూ పోయింది. ఇప్పుడు నేనే టీచర్ని. హాజరు ఫోను తీసుకుంటుంది. రాని పిల్లకు రాలేదని వేసి ఊరుకుంటుంది. నేను ఊరుకోను. కోతలకు పోయి పదిరోజులైన రూతు పేరు ఈ ఉదయం కూడా గట్టిగా పిలిచాను.

"చేలో ఉంది టీచర్" అని పిల్లలు అంటుండగానే ముందు వరసలో ఎవరో తుమ్మారు. గుమ్మం వైపు చూశాను.