ఈపూరు దారిలో గుంత

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పగలిగే మనిషినైతే దీన్ని ఇన్నేళ్ళు మోసేవాణ్ణే కాదు. నలుగురం ఉన్న చోట జరిగింది. ముగ్గురికి తెలిసింది అబద్ధం. నిజం నా ఒక్కడి దగ్గరే మిగిలిపోయింది. పంటి సందున ఇరుక్కున్న పీచులాగా అది అక్కడే ఉంటుంది, నాలుక పదేపదే అక్కడికే పోతుంది.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నలభై దాటి, పొట్ట వచ్చి, బీపీ మాత్ర మొదలయ్యాక ఊళ్ళో మగవాళ్ళకి పట్టే పిచ్చి నాకూ పట్టింది. సైకిలు. మా నాయన సైకిలు తొక్కితే గతిలేక తొక్కుతున్నాడన్నారు. నేను తొక్కితే ఫిట్‌నెస్ అన్నారు. విత్తనాల కొట్టు సాంబయ్య, ఒక పళ్ళ డాక్టరు, టైలరు ఖాజా, నేను. ఆదివారం తెల్లవారితే వినుకొండ దాకా తొక్కివచ్చే మా దండు ఇదీ. సాంబయ్య సైకిలు ఖరీదు ఎంతో తెలిస్తే ఏ రైతూ మళ్ళీ అతని కొట్టు మెట్లెక్కడు. డాక్టరు పావుగంట తొక్కి అరగంట ఫొటోలు దిగుతాడు. నెత్తిన పుచ్చకాయ డిప్పల్లాంటి టోపీలు, కింద స్పాంజి పెట్టిన బిగుతు నిక్కర్లు. ఆ వేషాలతో టీ కొట్టు దగ్గర దిగితే బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు మొహాలు తిప్పుకునేవాళ్ళు. పాపం, వాళ్ళ తప్పేముంది? ఆ నిక్కర్లకి స్పాంజి కుట్టి పెట్టింది ఖాజానే. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

ఏడాదికి అయిదు వేల కిలోమీటర్లు తొక్కాలని పెట్టుకున్నాం. ఎందుకు అయిదు వేలే అని ఎవడూ అడగలేదు. ఫోనులో యాప్ ఉంది, అది కొలుస్తుంది. మేం దాని మొహం చూసి బతికేవాళ్ళం. డిసెంబరు లోపల ముందుగా అయిదు వేలు ముట్టుకున్నవాడికి వినుకొండ బస్టాండు ఎదుట టీ కొట్లో శాలువా కప్పుతారు. సాంబయ్యకి పురుగుమందుల కంపెనీలవాళ్ళు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. వాటిలోంచే ఒకటి తెస్తాడు. ఒకడికి కప్పింది ఇంకొకడికి. చదువుకున్న మనిషిని, పిల్లలకి న్యూటన్ సూత్రాలు చెప్పేవాణ్ణి, ఆ వాడేసిన గుడ్డ కోసం నేను నిద్రలో కూడా లెక్కలు వేసుకున్నాను. అసహ్యంగా ఉంది కదూ? ఇంకా ఉంది, వినండి.

గుంపుగా తొక్కేటప్పుడు ఒక కట్టుబాటు ఉంటుంది. ముందున్నవాడు ఎదురుగాలిని తను తింటాడు. వెనకవాళ్ళు అతని చాటున, చక్రం వెనకే చక్రం పెట్టి వస్తారు. వాళ్ళకి శ్రమ తక్కువ. కానీ రోడ్డు కనపడదు. ముందువాడి వీపు ఒక్కటే కనపడుతుంది. అందుకని గుంత రాగానే ముందువాడు హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, కిందికి వేలు చూపించి, "గుంత" అని కేకేయాలి. వెనకవాడు దాన్ని నమ్మి పక్కకి తప్పుకుంటాడు. ఈ ఆటలో పెద్దమనిషి తరహా ఏదన్నా ఉందంటే అదొక్కటే.

ఎక్కువగా నేనే ముందుండేవాణ్ణి. ఖాజా ఎప్పుడూ నా వెనకే. "అన్నా, నువ్వు ముందుంటే నేను కళ్ళు మూసుకునైనా తొక్కుతా" అనేవాడు. పదో తరగతి దాకా చదివాడు. స్టేషను రోడ్డులో చిన్న కొట్టు. ప్యాంటు కట్ చేయడంలో చెయ్యి తిరిగినవాడని పేరు. పాత సైకిలు కొని, రంగు వేయించుకుని, పాడుకుంటూ తొక్కేవాడు. దారి పొడుగునా నా చాటున హాయిగా వచ్చి, వినుకొండ కొండ కనపడగానే పక్కనుంచి దూసుకుపోయి ముందు టీ కొట్టు చేరేవాడు. చేరి, నాకు గ్లాసు పట్టుకుని నిలబడేవాడు. ఆ గ్లాసు అందుకునేటప్పుడు నాకెంత మండేదో. గాలి తిన్నది నేను, గెలిచింది వీడు, మళ్ళీ మర్యాద కూడా వీడిదే.

ఆ ఏడాది డిసెంబరులో నాకూ అతనికీ అయిదు వేలకి ఒక్క ఆదివారమే మిగిలింది. ఇద్దరికీ ఆ రోజుతో పూర్తవుతుంది. ఎవరు ముందు చేరితే వాళ్ళదే. ఆ రోజు పెద్ద రోడ్డు వదిలి ఈపూరు మీదుగా వెళ్దామన్నది నేనే. దారి తెలుసా అని సాంబయ్య అడిగితే, ముందు నేనుంటాగా అన్నాను.

మంచు పడుతోంది. రెండు పక్కలా మిరప తోటలు. పత్తి ట్రాక్టర్లు తిరిగి తిరిగి తారు లేచిపోయిన రోడ్డు. డాక్టరూ సాంబయ్యా చానా వెనక. ఖాజా నా వెనకే ఏదో పాట పాడుకుంటున్నాడు. గుంత నాకు దూరంనుంచే కనపడింది. మూరెడు వెడల్పు, అంచులు తెగి, అడుగున నీళ్ళు. ఆలోచించుకునే టైము ఉంది. అదే నన్ను చంపుతోంది. ఉలికిపాటులో జరిగిపోతే ఇవాళ ఇదంతా రాసేవాణ్ణి కాదు. చెయ్యి తీయాలని తెలుసు. వేళ్ళు కదిలాయి కూడా. అప్పుడు ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. ఒక్కసారి పడనీ, పోయేదేముంది, మోకాలు గీసుకుంటుంది, పాట ఆగుతుంది అనుకున్నాను. చెయ్యి తీయలేదు. నోరు తెరవలేదు. నడుము ఒక్కటి కాస్త వంచి, గుంత పక్కనుంచి మెత్తగా తప్పుకున్నాను. వెనకనుంచి చూస్తే నేను తప్పుకున్నట్టు కూడా తెలియదు.

పాట ఆగింది.

దిగి వెనక్కి పరిగెత్తాను. ఖాజా కుడి భుజం మీద పడ్డాడు. చెయ్యి వంకరగా శరీరం కింద ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను చూసి అడిగాడు.

"అన్నా, నువ్వు గుంత అని అరిచావా?"

మీరు నమ్మాలి, అతను నిలదీయడం లేదు. తెలుసుకోవడానికి అడుగుతున్నాడు, అంతే.

"అరిచాను ఖాజా. చెయ్యి కూడా చూపించాను. చూసుకోవద్దా?"

"నాకే ఇనపళ్ళా అన్నా. పాట ధ్యాసలో ఉండా. నాదే తప్పు. ఏంది ఈ చెయ్యి, లేవటంలా?"

అబద్ధం ఒక్కటీ చాలలేదు నాకు. పైన మందలింపు కూడా కలిపాను. నీచుడు ఎక్కడో సినిమాలో కత్తి పట్టుకుని ఉంటాడనుకుంటాం. స్పాంజి నిక్కరు వేసుకుని రోడ్డు పక్కన గొంతుకూర్చుని స్నేహితుడి తల నిమురుతూ ఉంటాడని ఎవరనుకుంటారు?

సాంబయ్య వచ్చి ఆటో మాట్లాడాడు. భుజం ఎముక విరిగింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. తర్వాతి ఆదివారం నేను మిగిలిన దూరం తొక్కి అయిదు వేలు ముట్టుకున్నాను. అవును, తొక్కాను. వినుకొండలో టీ కొట్టు దగ్గర ఖాజా నాకంటే ముందే ఉన్నాడు. బస్సులో వచ్చాడు, చెయ్యి మెడకి కట్టుకుని. శాలువా తనే కప్పుతానన్నాడు. ఎడమ చేత్తో ఒక పక్క కప్పాడు, రెండో పక్క అందక జారిపోతే డాక్టరు సర్దాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. బాగా పడింది ఫొటో.

ఖాజా చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు ఇప్పుడు. పెద్ద కత్తెర పట్టి బల్ల పొడవునా గుడ్డ కోయలేడు. కటింగుకి వేరే మనిషిని పెట్టుకున్నాడు, ఆ మనిషి పనితనం చూసి బేరాలు సగం పోయాయి. తను కూర్చుని అంచులు కుడతాడు, జిప్పులు మారుస్తాడు. సైకిలు అమ్మేశాడు. మా గుంపులో కొత్తగా ఎవరన్నా చేరితే మాత్రం వాళ్ళకి చెబుతాడు, "అన్న ఎనకాల పోండి, ఏం భయంలా" అని. నేను ఇప్పటికీ ముందే ఉంటాను. ఇప్పుడు ప్రతి గుంతకీ అరుస్తాను. ఎండిన పేడకీ అరుస్తాను, చెట్టు నీడకీ అరుస్తాను. గుంతల మాస్టారని పేరు పెట్టి నవ్వుతారు. జాగ్రత్తపరుణ్ణట. ఛీ.

ఒక ప్రశ్న ఉంది, దాని జోలికి పోకుండా చానా కాలం తప్పించుకున్నాను. వెనక ఉన్నది సాంబయ్య అయితే నా చెయ్యి లేచేదా? లేచేదనే అనుకుంటున్నాను. సాంబయ్య పడితే ఊరు అడుగుతుంది. ఖాజా పడితే ఖాజానే క్షమాపణ చెబుతాడు. ఆ సంగతి నా తలకాయకి తెలియకపోయినా హ్యాండిల్ మీద ఉన్న చేతికి తెలుసు. నేను సాంబయ్యనీ డాక్టర్నీ చూసి వెక్కిరించడం దేనికి? వాళ్ళది ఆడంబరం. నాది కుళ్ళు.

మొన్న మా ఆవిడ పోరు పెడితే చొక్కా కొలతలివ్వడానికి అతని కొట్టుకి వెళ్ళాను. నేను కొంచెం పొడుగు. ఖాజా టేపు తీసుకుని నా భుజం కొలవబోయి ఆగాడు.

"కొంచెం వంగన్నా. అందటంలా."

వంగాను. అతని ఊపిరి నా చెవికి తగులుతోంది. చెప్పడానికి అంతకంటే చోటు ఏముంటుంది? నోటిదాకా వచ్చింది. అతను కొలత పైకి చదివాడు, లోపల ఆ కటింగు మనిషి రాసుకున్నాడు, నేను నిటారుగా నిలబడి చొక్కా ఎప్పుడిస్తావని అడిగాను.

అతనికి చెబుతానా? చెప్పను. నాకు అంత దమ్ము లేదు, మీ దగ్గర గొప్పలెందుకు. మీరు క్షమించాలని కూడా అడగడం లేదు. క్షమించడానికి మీ భుజం విరగలేదు. ఒక్క మాట బయటికి అనాలని ఉంది, అంతే. గుంత నాకు కనపడింది. టైము ఉంది. నేను అరవలేదు.

ఇదిగో, ఇప్పుడు అరిచాను. నా వెనక లేని మీకు.