బుల్లయ్య కంప్యూటర్‌కి తగిలిన దిష్టి

చిలకలూరిపేటలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే బుల్లయ్యకి రెండు విషయాల్లో పేరుంది. ఒకటి, ఆయన కొట్లో నకిలీ ప్యాకెట్టు దొరకదు. రెండు, పక్కవాడు బాగుంటే ఆయనకి అన్నం సయించదు. మొదటి సంగతి ఆయనే చెప్పుకునేవాడు. రెండోది చెప్పుకునే పని ఊరు చూసుకునేది.

పత్తి రైతుకి నకిలీ విత్తనం అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చెట్టు నిలువెత్తు పెరుగుతుంది, కాయ మాత్రం పట్టదు. అందుకే బుల్లయ్య ప్యాకెట్టు మీద ముద్ర చూడందే కొట్లోకి రానిచ్చేవాడు కాదు. ఆ పట్టుదల నిజమైనదే. మనిషిలో మంచి ఉన్నచోట ఉందని ఒప్పుకోవాలి.

ఇక ఆయన ఏడుపంటారా, దాన్ని ఊరందరికీ సమానంగా పంచి ఉంటే ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. ముప్పాతిక వంతు తీసుకెళ్ళి పక్కింటి జాన్ బాషాకే కట్టబెట్టాడు. జాన్ బాషాకి పత్తి బేళ్ళు తోలే లారీలున్నాయి. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. అల్లరి ఇద్దరూ చేస్తే మేష్టారు జాన్ బాషాని చూసి నవ్వి, బుల్లయ్యని చూసి బెత్తం తీసేవాడు. పెద్దయ్యాక పెరట్లో బోరు వేయిస్తే జాన్ బాషాకి తియ్యటి నీళ్ళు పడ్డాయి. గోడకి ఇవతల బుల్లయ్య వేయిస్తే నోట్లో పోసుకోలేని ఉప్పు నీళ్ళు. భూమి లోపల కూడా వాడికి చుట్టాలున్నార్రా అని బుల్లయ్య కొన్నాళ్ళు కుమిలిపోయాడు.

అలాగని ఆ జాన్ బాషా లేకుండా ఈయనకి పొద్దు గడిచేదా అంటే అదీ లేదు. సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ కొట్టు మెట్ల మీద కూర్చుని, ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోసుకుని తాగాల్సిందే. జాన్ బాషా లోడు మీద ఊరెళ్ళిన రోజున బుల్లయ్య ఆ టీ కూడా మానేసేవాడు. ఆయనకి స్నేహితుడంటూ ఉన్నది అతనొక్కడే. ఏడుపూ అతని మీదే, ప్రాణమూ అతని మీదే.

రెండు వేల మూడులో కూతురు భవ్య పోరు పడలేక బుల్లయ్య కంప్యూటర్ కొన్నాడు. దాంట్లో సాఫ్ట్‌వేర్ కూడా లైసెన్సుదే ఉండాలని పట్టుబట్టాడు. "కాపీది వేయించుకోండి సార్, అందరూ అదే వేయిస్తున్నారు" అని షాపువాడు అంటే వాణ్ణి కొట్టినంత పని చేశాడు. డబ్బా పక్కన అంటించిన మెరిసే స్టిక్కరుని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

నెల తిరక్కుండా జాన్ బాషా కూడా కంప్యూటర్ కొన్నాడు. తెర వీళ్ళదానికన్నా పెద్దది. సాఫ్ట్‌వేర్ మాత్రం కాపీది. "మనకెందుకురా లైసెన్సులు? పిల్లలు ఆడుకోవటానికేగా!" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు బుల్లయ్య గుండెల్లో ముల్లులా దిగబడింది.

అప్పటినుంచి ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. కంప్యూటర్ ఉన్న గదిలోకి జాన్ బాషా ఎప్పుడొచ్చి వెళ్ళినా ఆ సాయంత్రం దానికి దిష్టి తియ్యాలి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, అద్దం తెర ఏపాటిది? బుల్లయ్య భార్య వెంకటేశ్వరమ్మ గుప్పెట్లో ఎండు మిరపకాయలు, కల్లుప్పు పట్టుకుని కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో వేసేది. కరెంటు వస్తువు మీద ఉప్పు పడితే ప్రమాదమని బుల్లయ్య ముందే ప్లగ్గు పీకించేవాడు. పైన దుప్పటి కప్పి, మర్నాడు దీపం పెట్టాక గానీ మళ్ళీ ప్లగ్గు పెట్టనిచ్చేవాడు కాదు. మామూలు రోజుల్లో ఆ ప్లగ్గు జోలికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. ఊళ్ళో కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది.

నాలుగేళ్ళు ఏ గొడవా లేదు. రెండు వేల ఏడు వేసవిలో ఒక పొద్దున బుల్లయ్య కంప్యూటర్ వేస్తే, నల్లటి తెర మీద ఏవో ఇంగ్లీషు ముక్కలొచ్చి ఫలానా మీట నొక్కమన్నాయి. నొక్కాడు. తర్వాత మూల నుంచి ఓ పసుపు పచ్చ డబ్బా పైకి లేచింది. ఈ సాఫ్ట్‌వేర్ అసలైనది కాకపోవచ్చు, మీరు నకిలీ సరుకు బారిన పడి ఉండవచ్చు అని దాని సారాంశం.

బుల్లయ్య చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఊళ్ళో నకిలీ అన్న మాట ఆయన ముఖాన అన్న మొదటి ప్రాణి ఆ కంప్యూటరే.

మెకానిక్ ముబీన్‌ని పిలిపించాడు. అతను సాయంత్రం వచ్చేసరికి హెచ్చరిక లేదు. "బాగానే ఉంది గదండీ" అని టీ తాగి వెళ్ళాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. ఈసారి బుల్లయ్య కంపెనీకే ఫోన్ చేసి, స్టిక్కరు మీదున్న అంకెలన్నీ అరిచి అప్పజెప్పాడు. మీది అసలైనదే, మళ్ళీ కనిపిస్తే చెప్పండి అని అవతలి పిల్ల మర్యాదగా పెట్టేసింది. ఆ సాయంత్రానికి అదీ మాయం. ముబీన్ మరోసారి వచ్చి సాఫ్ట్‌వేర్ మొత్తం తీసి మళ్ళీ ఎక్కించాడు. అయినా ఓ వారం పోయాక పసుపు డబ్బా పొద్దున్నే పలకరించింది.

పక్కింట్లో కాపీ సరుకు హాయిగా పాటలు పాడుతోంది. గోడ ఇవతల అసలు సరుకు తనని తానే దొంగ అంటోంది. బుల్లయ్య కడుపులో మిరప కళ్ళం తగలబడ్డట్టుగా ఉండేది. వాడి బోరులో తియ్యటి నీళ్ళు పడ్డాయి, సరే. దొంగ సాఫ్ట్‌వేర్ కూడా వాడికే లొంగాలా?

ఆలోచించగా ఆలోచించగా ఆయనకి దారి దొరికింది. హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ, అంతకు ముందు రోజు జాన్ బాషా ఆ గదిలోకి వచ్చి ఉన్నాడు! ఓసారి రైలు టిక్కెట్టు చూపించుకోవడానికి, ఓసారి పెళ్ళి ఫొటోలకి, ఓసారి ఊరికే. లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

"చూశావా? నాలుగేళ్ళ దిష్టి పేరుకుపోయింది. పైపైన తీస్తే పోవట్లా" అన్నాడు భార్యతో.

"మిరపకాయలు ఘాటు కూడా రాట్లేదండీ, ఎంత దిష్టో!" అంది వెంకటేశ్వరమ్మ. దిష్టి ఉంటే మిరపకాయ మండినా ఘాటు రాదని నమ్మకం. మంచి కాయలు కూరకుంచి, దిష్టికి రంగు పోయిన తాలుకాయలు వాడుతున్న సంగతి మాత్రం ఆవిడ చెప్పలేదు.

జూన్‌లో పత్తి విత్తనాల గిరాకీ మొదలైంది. సరిగ్గా అప్పుడే కోటేష్ అనే కుర్ర రైతు వాన కబురు చూపించమని ఇంట్లోకొచ్చాడు. కంప్యూటర్ వెయ్యగానే పసుపు డబ్బా లేచింది. కోటేష్ కూడబలుక్కుని చదివి, పగలబడి నవ్వాడు.

"ఏంది బాబాయ్, ఇదీ నకిలీదేనా? మరి విత్తనాలో?"

హాస్యానికే అన్నాడు. కానీ ఆ హాస్యం బజారు చివరిదాకా వెళ్ళి, టీ కొట్టు దగ్గర ఆగి, పెరిగి పెద్దదై మధ్యాహ్నానికి మళ్ళీ బుల్లయ్య చెవికే చేరింది. ముందు రోజు జాన్ బాషా ఆ గదిలో కూర్చుని మామిడిపండు తిన్నాడు. బుల్లయ్యకి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

సాయంత్రం జాన్ బాషా మామూలుగా వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. టీ వచ్చింది.

"ఒరేయ్, ఇంక నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టమాక" అన్నాడు బుల్లయ్య.

"ఏందిరా, ఏమైంది?"

"నీ కళ్ళు మంచియ్యి కాదు. నువ్వొచ్చిపోయిన మర్నాడల్లా నా కంప్యూటర్ చెడతంది. నా దగ్గర లైసెన్సుది ఉందని నీకు కుళ్ళు. చిన్నప్పట్నుంచీ నేనంటే నీకు కుళ్ళేరా!"

జాన్ బాషా చేతిలో గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు. సగం టీ అలాగే ఉంది. "సరేరా" అని మాత్రం అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కంప్యూటర్ నోరెత్తలేదు. జాన్ బాషా రాలేదు, దిష్టి తియ్యలేదు, హెచ్చరికా లేదు. "నేను చెప్పలా?" అని బుల్లయ్య ఇంట్లో మీసం తిప్పాడు. సాయంత్రాలు మాత్రం గెలిచినట్టుగా లేవు. టీ మొత్తం ఆయన గ్లాసులోకే వచ్చేది, తాగబుద్ధయ్యేది కాదు. కొట్టు పక్కనున్న తన లారీ ఆఫీసులో జాన్ బాషా ఇప్పుడు డ్రైవర్ పీరుతో కలిసి టీ తాగుతున్నాడు. వాళ్ళ నవ్వులు గోడ దాటి వచ్చేవి. నిన్నటిదాకా జాన్ బాషా మీద ఏడ్చిన బుల్లయ్య ఇప్పుడు పీరు మీద ఏడవడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళ నాటి తన మెట్టు మీద నిన్నగాక మొన్నొచ్చిన డ్రైవర్ని కూర్చోబెట్టినట్టు ఉండేది. ఈ ఏడుపుకి ఏ మిరపకాయలు తిప్పించుకోవాలో ఆయనకి తెలియలేదు.

దసరా వెళ్ళాక భవ్య చదువుకోసం గుంటూరు హాస్టల్లో చేరింది. ఆ కార్తీకంలో వెంకటేశ్వరమ్మ చెల్లెలు శ్రీరమ్య చుట్టపుచూపుగా వచ్చి, "అబ్బ, ఎన్నేళ్ళయినా కొత్తదానిలా ఉంచావే అక్కా!" అని కంప్యూటర్ మీద చెయ్యేసి మెచ్చుకుంది. సొంత చెల్లెలైతే మాత్రం కన్ను కన్నే. వెంకటేశ్వరమ్మ మొగుడికి చెప్పకుండా ప్లగ్గు పీకి, దిష్టి తీసి, దుప్పటి కప్పి, తెల్లారి దీపం పెట్టాక మళ్ళీ ప్లగ్గు పెట్టేసింది.

పొద్దున్నే బుల్లయ్య వేసేసరికి పసుపు డబ్బా! జాన్ బాషా ఆ గడప తొక్కి నెలలైంది. పైగా ఎప్పుడూ సాయంత్రానికల్లా పోయేది, ఈసారి మర్నాడైనా పోలేదు. బుల్లయ్య కూతురికి ఫోన్ చేశాడు.

భవ్య అంతా విని, "నాన్నా, తెర మీద కింద మూల తేదీ ఉంటుంది. ఏం చూపిస్తంది?" అనడిగింది.

బుల్లయ్య వంగి చూశాడు. "రెండు వేల మూడు, జనవరి ఒకటి."

"అమ్మ మళ్ళీ ప్లగ్గు పీకిందా?"

"మళ్ళీ అంటే?"

"పీకినప్పుడల్లా తేదీ అట్టాగే వెనక్కి పోద్ది నాన్నా. నేను కాలేజీ నుంచొచ్చి సరిచేసేదాన్ని. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటది, అది అయిపోయుంటది. తేదీ తప్పయితే లైసెన్సు చూసుకునేటప్పుడు దానికి లెక్క కుదరదేమో, అందుకే నకిలీ అంటందేమో. ఆ హెచ్చరిక సంగతి మీరెప్పుడూ నాకు సరిగ్గా చెప్పలేదుగా, ఎంతసేపూ బాషా మామయ్య దిష్టి అనేవాళ్ళు."

బుల్లయ్య ముబీన్ చేత కొత్త బ్యాటరీ వేయించాడు. తేదీ సరిచేయించి, అతను వెళ్ళాక తనే ప్లగ్గు పీకాడు. పూటంతా ఆగి మళ్ళీ పెట్టాడు. తేదీ కదల్లేదు. పసుపు డబ్బా రాలేదు.

ఆయన కుర్చీలో కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ లెక్క చూసుకున్నాడు. జాన్ బాషా వస్తే దిష్టి తీయించింది తను. దిష్టి కోసం ప్లగ్గు పీకించింది తను. పీకినందుకు అది అరిస్తే, ఆ అరుపు జాన్ బాషా నెత్తిన రుద్దింది కూడా తనే. నలభై ఏళ్ళుగా కుళ్ళు తన కడుపులో పెట్టుకుని, దాన్ని ఎదుటివాడి కళ్ళల్లో వెతికాడు.

సాయంత్రం పాత బ్యాటరీ గుప్పెట్లో పెట్టుకుని పక్కింటి తలుపు తట్టాడు. జాన్ బాషా భార్య ఖుర్షిదా తలుపు తీసి, ఒక్క క్షణం ఆగి, "రా అన్నా" అంది. జాన్ బాషా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

బుల్లయ్య బ్యాటరీ బల్ల మీద పెట్టి, కూతురు చెప్పిందంతా చెప్పాడు. "నీ కళ్ళది తప్పు కాదురా. బుద్ధి నాది మంచిది కాదు" అన్నాడు చివరికి.

జాన్ బాషా ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. భార్య వైపు చూశాడు. ఉన్నట్టుండి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది.

"ఏందిరా?" అన్నాడు బుల్లయ్య బిత్తరపోయి.

"నువ్వు మా ఇంటికొచ్చి పోయినప్పుడల్లా మా ఖుర్షిదా మిరపకాయలు తిప్పేదిరా. కంప్యూటర్‌కీ, లారీలకీ, ఆఖరికి ఆ బోరుకి కూడా. నీ ఏడుపు మాకు తెలవదనుకున్నావా? ఒకటో తరగతి నుంచీ తెలుసు."

బుల్లయ్య తల వాలిపోయింది. తలెత్తకుండానే అడిగాడు. "తెలిసీ, నన్ను ఇంటికెందుకు రానిచ్చేవాడివిరా?"

"దిష్టిదేముందిరా, నాలుగు మిరపకాయలు తిప్పితే పోద్ది. నువ్వు రాకపోతే ఏం తిప్పుకోవాలి?"

బుల్లయ్య కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయల ఘాటని చెప్పడానికి అక్కడ పొయ్యి కూడా లేదు. ఈలోగా ఖుర్షిదా ఒక టీని రెండు గ్లాసుల్లో పోసి తెచ్చి పెట్టింది. ఇద్దరూ తాగేశారు.

వెళ్ళబోతూ బుల్లయ్య గడప దగ్గర ఆగాడు. ఖాళీ గ్లాసు వైపు, ఆ పెద్ద తెర వైపు, వాకిట్లో నిండుగా ఉన్న నీళ్ళ తొట్టి వైపు ఓసారి చూశాడు.

"ఖుర్షిదమ్మా" అన్నాడు, "ఇవాళ కూడా తియ్యి తల్లీ. మీ నీళ్ళతో టీ చాలా బాగుంది."