ఇస్త్రీ అత్త మోసుకొచ్చిన కాగితం

మా భవనంలో మెట్ల కింద పదహారేళ్ళు ఇస్త్రీ చేసిన మనిషి గురించి రాస్తున్నాను. పిల్లలు ఆమెను ఇస్త్రీ అత్త అనేవారు, పెద్దవాళ్ళకూ అదే అలవాటైంది. ఇరవై నాలుగిళ్ళ బట్టలూ ఆమె చేతి మీదుగా పోయేవి. మూటలకు చీటీలు కట్టేది కాదు, కాలరు చూసి ఏ ఇంటిదో చెప్పేసేది. "బాబాయిగారూ, మళ్ళీ మూత పెట్టకుండా పెన్ను జేబులో వేశారు. మీకు చొక్కాలు కాదు, గోనెసంచులు కుట్టించాలి" అని సిరా మరక చూపించి చీవాట్లు పెట్టేది. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన నన్ను తప్పుపట్టే చనువు ఆమెకొక్కతికే ఉండేది.

ఆమె కాపురం వెనక సందులో, ఒక్క గదిలో. భర్త తాపీమేస్త్రీ. ఎవరికో మూడో అంతస్తు కడుతూ కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ మంచమే. పన్నెండు కాగానే ఆమె ఇస్త్రీపెట్టె ఆపి సందులోకి పరుగెత్తేది. అతన్ని పక్కకు తిప్పి, ఒళ్ళు తుడిచి, తినిపించి వచ్చేది. మూడింటికి మళ్ళీ ఒకసారి. అలా తిప్పకపోతే వీపు పుళ్ళు పడుతుందని డాక్టరు చెప్పాడు. గది దగ్గర్లో ఉండబట్టి ఆ మనిషి బతికున్నాడు. ఇందులో అతిశయోక్తి లేదు.

ఆ గది యజమాని పొమ్మనలేక పొగబెట్టడం మొదలుపెట్టాడు. ముందు కుళాయి కట్టేశాడు. తరవాత మరుగుదొడ్డికి తాళం వేశాడు. చివరికి పాతది కూలగొట్టి కొత్తది కడతాననీ, ఏడాదిలో ఖాళీ చెయ్యమనీ చెప్పేశాడు. మా చుట్టుపక్కల అద్దెలు ఆమె అడగడానికే జంకేటట్టున్నాయి. అందుబాటులో ఉన్నవి ఊరి చివర, రెండు బస్సులు మారాలి. అక్కణ్ణుంచి వచ్చి ఇస్త్రీ చేస్తే మధ్యాహ్నం మొగుణ్ణి తిప్పేదెవరు?

సరిగ్గా ఆ రోజుల్లోనే నగరపాలక సంస్థ ఒక నిబంధన తెస్తానంది. కొత్తగా కట్టే పెద్ద భవనాల్లో అయిదిళ్ళకొకటి, ఆ చుట్టుపక్కల పనిచేసుకునేవాళ్ళకు తక్కువ అద్దెకివ్వాలి. జనం అభిప్రాయం రాసి పంపమంది. ఇస్త్రీ అత్త ఆ నిబంధన కావాలని రాసిన కాగితం పట్టుకుని ఇల్లిల్లూ ఎక్కిదిగింది. "తా దూర కంత లేదు, మెడకో డోలు! మనకే కొంప లేదు, ఈవిడ ఊరందరికీ ఇళ్ళిప్పిస్తుందట" అని మొగుడు మంచం మీంచి వేళాకోళం చేసేవాడట. ఆ మాట మాకు చెప్పి తనే పడీపడీ నవ్వేది.

సంతకాలకు మాత్రం లోటు లేకపోయింది. ఇరవై నాలుగిళ్ళవాళ్ళూ పెట్టారు. మొదటిది నాది. పెట్టి ఊరుకోలేదు, అందులో అక్షరదోషాలు కూడా దిద్దాను. ఊళ్ళో పదిమందిలో ఎనిమిదిమంది ఔనన్నారని పేపర్లో వచ్చింది. నిబంధన వచ్చేసింది. మా పక్క ఖాళీ స్థలంలో పెద్ద భవనానికి ప్లానూ వచ్చింది. ఆమె అందులో ఒక గదికి దరఖాస్తు పెట్టుకుని, రసీదు ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవికెలో దాచుకుంది.

ఇస్త్రీ చేసేవాళ్ళు జేబుల్లో దొరికిన కాగితాలు చదవకూడదని ఆమెకు అత్తగారు నేర్పింది. చదువు వచ్చు, అయినా చదవదు. మడతపెట్టిన బట్టల మీద పెట్టి ఇచ్చేస్తుంది. ఆ సంగతి మా భవనం సంఘం సెక్రటరీకి తెలుసు. ఒకరోజు మూటకొకటి చొప్పున కాగితాలిచ్చి, "వాళ్ళు సంతకం పెట్టి ఇస్తారు, తెచ్చి నాకివ్వు" అన్నాడు. నీళ్ళట్యాంకు కడిగించే సంగతి కాబోలు అనుకుందామె.

'నిబంధన మంచిదే. కానీ మా వీధి ఇరుకు, నీళ్ళు చాలవు. కనుక పక్క స్థలానికి మినహాయింపు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.' అదీ కాగితం. అంతకుముందు రోజే సెక్రటరీ నా దగ్గర కూర్చుని, "అలాంటివాళ్ళు పక్కకొస్తే మన ఫ్లాట్ల ధర ఏమవుతుందండీ? రేపు మీ అమ్మాయికి మిగిలేది ఇదేగా" అన్నాడు. చదవకుండా పెట్టానని బుకాయించడానికి లేదు, చదవడమే నా వృత్తి. ఆమె బట్టలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగానే సంతకం పెట్టి ఆమె చేతికే ఇచ్చాను. తిలా పాపం తలా పిడికెడు. మూడిళ్ళకు తాళాలుండబట్టి ఇరవై ఒకటితో ఆగింది.

రెండు నెలలకు పక్క స్థలం గోడ మీద నోటీసు అంటించారు. స్థానికుల కోరిక మేరకు మినహాయింపు ఇచ్చారట. ఆమె అది చదువుకుని, నా చొక్కాలు తెచ్చే వంకతో పైకి వచ్చింది.

"బాబాయిగారూ, స్థానికులంటే ఎవరండీ? మనవాళ్ళెవరూ పెట్టుండరు కదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది, ఆమె మొహం చూశాక పెగల్లేదు. "ఆ రోజు బట్టలతో తెచ్చావే, ఆ కాగితమేనమ్మా" అన్నాను.

కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనే తెచ్చానా?" అంది. తరవాత, "మీరూ పెట్టారా?" అంది.

తలూపాను.

"మరి ఆయన్నెవరు తిప్పుతారండీ?"

"ఏదో ఒకటి ఆలోచిద్దాంలే."

"ఆలోచించే కదండీ పెట్టారు" అంది. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. చొక్కాలు కుర్చీలో పెట్టి మెట్లు దిగిపోయింది.

గడువు తీరేదాకా ఉండకుండా ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసింది. మెట్ల కింద ఇప్పుడు ఎవరిదో స్కూటరు పెడుతున్నారు. చెప్పాపెట్టకుండా పోయిందని సెక్రటరీ అందరి దగ్గరా నొచ్చుకుంటూ తిరుగుతున్నాడు, విశ్వాసం లేని మనిషట. నేను నోరెత్తలేదు. ఊరి చివర ఫలానాచోట కనిపించిందని పాలమ్మాయి మొన్న చెప్పింది. మేస్త్రీ ఎలా ఉన్నాడని అడగబోయి, అడగలేక, పాలగిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను.