తిప్పతీగ కలిపిన కాకరకాయ పులుసు

విరుదునగర్ నుంచి వచ్చిన పొద్దుటి బస్సు కండక్టరు మా వీధి దాకా నడిచి వచ్చి, టీచరమ్మ పోయిందని చెప్పాడు. బస్సును మా కోవిల్‌పట్టి స్టాండులో నిండా మనుషులతో అట్లాగే నిలిపి వచ్చాడట. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆమె మంచితనం చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చేసింది మాత్రం నేనే చెప్పాలి.

ఆమె విరుదునగర్ కాలేజీలో టీచరు. మొక్కల రసాల మీద ఆమె పని. దానికి పుంజుతో తిరిగే పెట్టలు పెట్టిన, పిల్ల అయ్యే గుడ్లే కావాలి, అంగడి గుడ్లు పనికిరావు. వారానికి రెండుసార్లు బుట్టలో ఊక పరిచి మా పెట్టల గుడ్లు నేనే మోసుకుపోయేదాన్ని.

"ఏమవ్వా, నీ గుడ్లు ఇన్నినాళ్లు కాలేజీకి పోతాండాయే, ఎప్పుడు పాసయ్యేది?" అని ఈ కండక్టరే ఎగతాళి చేసేవాడు.

"నీకంటే ముందే అయితాయి. టికెట్టు చింపు" అనేదాన్ని.

ఆమె ప్రతి గుడ్డునూ చెంపకు ఆనించి వెచ్చదనం చూసేది. ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కొన్నాళ్లు వెచ్చగా పొదిగించి, పెంకు మీద చిన్న కిటికీ కోసిన గుడ్డు చూపించింది. లోపల పెరిగే పిల్ల చుట్టూ ఎర్రటి దారాలు అల్లుకుని ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఖాళీ. అక్కడ మా కంచె మీది తిప్పతీగ రసం చుక్క వేసిందట.

"సూడవ్వా, ఈడ కొత్త నెత్తుటి నాళాలు పుట్టలేదు. ఒంట్లో చెడ్డ గడ్డ గూడా ఇట్లాంటి నాళాలు పిలుసుకోనే పెరుగుతాది."

"అట్లంటే ఈ రసం తాగితే గడ్డ ఎండిపోతాదా?"

"తెలీదవ్వా. గుడ్డు వేరు, మనిసి వేరు."

తెలీదు అనడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు.

రెండేళ్లకు ఆమె రొమ్ములోనే గడ్డ వచ్చింది. మదురైలో కోసి తీశారు. ఆమె వాళ్ల అక్క ఇంట్లో పడుకుని ఉంటే వండిపెట్టడానికి వెళ్లాను. తిప్పతీగ నూరి ఇస్తానన్నాను. చేయి అడ్డం పెట్టింది.

"వద్దవ్వా. కోసిన చోట కొత్త నాళాలు రావాల. అవి వస్తేనే పుండు మానేది."

నేను వినలేదు. చదువుకున్నవాళ్ల పిరికితనం అనుకున్నాను. తొమ్మిది రోజులు కాకరకాయ పులుసులో ఆ రసం కలిపాను. చేదులో చేదు తెలియలేదు. బాగుందని వేళ్లు నాకింది.

పుండు మూసుకోలేదు, చీము పట్టింది. అది మానేదాకా గడ్డకు ఇచ్చే తర్వాతి మందు ఇవ్వకూడదన్నాడు డాక్టరు. ఆ లోపల రోగం ఎముకల్లోకి పాకింది.

అప్పుడు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"ఎన్ని రోజులు? ఎంత రసం?" అని అడిగింది. చెప్పాను.

"నాకు సక్కెర జబ్బు గూడా ఉండాది కదవ్వా. నీ రసంతోనా, నా ఒంటితోనా, తెలీదు. నాకు సెప్పకుండా పెడితివే, అది తప్పు. అది మట్టుకు తెలుసు."

"ఇప్పుడేమి సేసేది తల్లీ?"

"సేసేదానికి ఏమీ లేదు. కూర్సో."

నువ్వే చంపావని అని ఉంటే ఆ మాట మోసేదాన్ని. నీ వల్ల కాదని అని ఉంటే దాన్ని పట్టుకుని బతికేదాన్ని. ఇప్పుడు నా చేతిలో ఏ మాటా లేదు.

కడపటిసారి వెళ్లినప్పుడు, సంగతి తెలిసిన వాళ్ల అక్క గడప దగ్గరే నన్ను ఆపింది. "రానీక్కా" అని లోపలినుంచి ఆమె గొంతు వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. స్పూనులో నీళ్లు తీసుకుని వంగాను. స్పూనులో ఏముందని అడగలేదు. కళ్లు మూసుకునే నోరు తెరిచింది.